చేతివాపు స్లీవ్ కొనేముందు: మూడు కొన్న ఒక టైలరు మాట

2022 శ్రావణంలో నాకోసం కుట్టుకున్న జాకెట్టు కుడి చెయ్యి పట్టేసింది. కొలత తప్పానేమో అనుకున్నాను. కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి అరంగుళం ఇచ్చాను. దసరాకి మళ్ళీ పట్టేసింది. మళ్ళీ విప్పాను. ఇక లోపల వదలడానికి గుడ్డ లేదు. అప్పుడు టేపు తీసి రెండు జబ్బలూ కొలుచుకున్నాను. కుడిది ఎడమదానికన్నా అంగుళంన్నర ఎక్కువుంది. ఇరవై ఆరేళ్ళుగా చీరాలలో ఆడవాళ్ళ జాకెట్లు కుడుతున్నదాన్ని. ఊళ్ళో వాళ్ళ చేతులన్నీ కొలిచాను గానీ నా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి కొలుచుకోవాలని మూడు నెలలదాకా తట్టలేదు.

అంతకు ముందు ఏడాది కుడివైపు రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. చంకలోంచి 16 లింఫ్ గ్రంథులు తీశారు. చెయ్యి మీద సెగ్గడ్డ లేస్తే చంకలో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళలన్నమాట. తర్వాత కీమో, ఆ తర్వాత 15 సిట్టింగులు రేడియేషన్. చెయ్యి వాచే అవకాశం ఉందని డిశ్చార్జి రోజు ఒక కాగితం ఇచ్చారు. ఆ రోజు ఇచ్చిన కాగితాలన్నిటితోపాటు దాన్నీ మందుల సంచీలో పడేశాను. రొమ్ము క్యాన్సర్ వైద్యం అయినవాళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుందట, డాక్టర్లు లింఫెడిమా అంటారు. చంకలో గ్రంథులు బాగా తీసినవాళ్ళకీ, దానిమీద రేడియేషన్ పడినవాళ్ళకీ ఎక్కువట. నాకు రెండూ అయ్యాయి.

ఇది స్లీవ్‌ల మీద, అంటే వాచిన చేతికి వేసుకునే బిగుతు తొడుగుల మీద రాస్తున్న రివ్యూ, నా జబ్బు కథ కాదు. కానీ వాపు ఎందుకొస్తుందో తెలియకపోతే స్లీవ్ ఎందుకు పని చేస్తుందో, ఎందుకు చెయ్యదో అర్థం కాదు. అందుకని కొంచెం చెప్తాను. కొమ్మమూరు కాలవలో గుర్రపుడెక్క పట్టేస్తే ఏమవుతుంది? పైన చేలల్లో నీరు నిలబడిపోతుంది. చేతిలో కండల సందుల్లో ఊరే నీరు చిన్న చిన్న నాళాల్లోంచి చంకకి వెళ్ళి, అక్కణ్ణించి రక్తంలో కలవాలి. చంకలో దారి పోయింది. రేడియేషన్‌కి మిగిలిన దారీ గట్టిపడింది. అది మామూలు నీరు కూడా కాదు, మాంసకృత్తులు కలిసిన చిక్కటి నీరు. ఎక్కువకాలం నిలబడితే కొన్నాళ్ళకి చర్మం కింద గట్టిపడిపోతుంది. మా వీధి ఆర్‌ఎంపీ గారు నీరు పోయే మాత్రలు ఇచ్చారు. వారం రోజులు రాత్రిళ్ళు బాత్రూముకి తిరగడం తప్ప చెయ్యి అలాగే ఉంది. ఈ వాపుకి ఆ మాత్రలు పనికిరావని తర్వాత తెలిసింది.

మా వైపు వాచిన కాలు కనిపించినా చెయ్యి కనిపించినా అందరికీ బోదకాలే గుర్తొస్తుంది. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ఒకావిడ నా చెయ్యి చూసి, తన గుడ్డ తీసుకుని రేపొస్తానని వెళ్ళింది. ఇప్పటిదాకా రాలేదు. నిజానికి ఆవిడ అనుకున్నదాంట్లో సగం తప్పు కాదు. బోదకాలులో ఆ నాళాల్ని దోమకాటుతో వచ్చిన పురుగు పాడు చేస్తుంది, నాకు వైద్యం పాడు చేసింది. వాపు జాతి ఒకటే. అంటుకునేది మాత్రం కాదు. అది చెప్పడానికి ఆవిడ దొరకాలి కదా.

ఇక స్లీవ్‌లు. కంపెనీల పేర్లు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటిది మా పెద్దమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించింది, 899 రూపాయలు. సైజు పట్టికలో ఒక్క కొలతే అడిగారు, జబ్బ చుట్టుకొలత. నా జబ్బకి ఎల్ వచ్చింది, ఎల్ పంపారు. ఒక్క కొలతతో రెడీమేడ్ జాకెట్టు తెచ్చుకుని, భుజం జారిందని నా దగ్గరికి ఆల్ట్రేషన్‌కి వచ్చేవాళ్ళు నెలకి పదిమంది ఉంటారు. వాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. జబ్బ దగ్గర సరిపోయింది, మోచెయ్యి దగ్గర వదులు, మణికట్టు దగ్గర మాత్రం రబ్బరు బ్యాండు వేసినట్టు పట్టేసింది. సాయంత్రానికి అరచేతి వెనకవైపు పూరీలా పొంగింది. వేళ్ళు ముడవడానికి రాలేదు, కత్తెర పట్టుకోలేకపోయాను. అంతకుముందు నాకు అరచేతిలో వాపే లేదు, అది ఆ స్లీవ్ తెచ్చిపెట్టింది. కింద బిగుతు ఎక్కువగా, పైకి వెళ్ళేకొద్దీ తక్కువగా ఉండాలి గానీ, మణికట్టు దగ్గర తాడు కట్టినట్టు ఉంటే నీరు అరచేతిలోకి దిగుతుంది. వాపు అరచేతిదాకా ఉన్నవాళ్ళకి స్లీవ్‌తో పాటు వేళ్ళ తొడుగు కూడా ఉండాలని ఆ పట్టికలో ఎక్కడా లేదు.

రెండోది గుంటూరు కొత్తపేటలో ఒక సర్జికల్ షాపులో కొన్నాను, 1,450. బాపట్ల, పొన్నూరు మీదుగా బస్సులో వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఎండలో, కిటికీ పక్కన, చెయ్యి కిందికి వేలాడేసుకుని వెళ్ళాను. అప్పటికే చెయ్యి నిండుకుండ. కౌంటర్లో అబ్బాయి జాకెట్టు చెయ్యి మీంచే టేపు వేశాడు. మణికట్టు ఒకటి, జబ్బ ఒకటి. మోచెయ్యి కొలవవా బాబూ అన్నాను. "అక్కర్లేదమ్మా, సాగుతుంది" అన్నాడు. సాగుతుంది అనే మాట మా వృత్తిలో పని రానివాళ్ళు అంటారు. నోరు మూసుకుని డబ్బులిచ్చి వచ్చాను, అది నా తప్పు.

ఇది వారం బాగానే ఉంది. తర్వాత పై అంచు చుట్టుకుపోవడం మొదలైంది. చుట్టుకున్నచోట చిటికెన వేలంత గాడి పడేది. ఆ గాడి కింద వాపు పెరిగేది. పొద్దున్న వేసుకునేప్పుడు సరిచేస్తే పది గంటలకల్లా మళ్ళీ చుట్టుకునేది. ఒకరోజు కోపం వచ్చి కత్తెర తీసుకుని పై అంచు ఒక అంగుళం కత్తిరించేశాను, లోపలికి మడిచి హెమ్మింగ్ చేద్దామని. ఇరవై ఆరేళ్ళ అనుభవం! కత్తెర పెట్టగానే సాక్సు చినిగినట్టు అల్లిక పోగులు పోగులుగా కిందికి జారిపోయింది. 1,450 రూపాయలు పది నిమిషాల్లో మసిగుడ్డ అయిపోయింది. షాపులో పని నేర్చుకునే అమ్మాయి "అక్కా, నన్ను అడక్కుండా గుడ్డ మీద కత్తెర వెయ్యొద్దంటావు కదా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. స్లీవ్‌కి ఎప్పుడూ కత్తెర పెట్టకండి.

మూడోదానికి ముందు జరిగిన సంగతే అసలైనది. మా ఆంకాలజీ డాక్టరు గారు ముందు చేతికి స్కానింగ్ రాశారు. వాపు వచ్చినప్పుడు రక్తం గడ్డ కట్టలేదనీ, జబ్బు తిరగబెట్టలేదనీ తేల్చుకోకుండా స్లీవ్ వెయ్యకూడదట. మొదటి రెండు స్లీవ్‌లూ కొన్నప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ రిపోర్టు బాగున్నాక, ఈ వాపుకని ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి విజయవాడ పంపారు. సత్యనారాయణపురంలో మా చెల్లెలింట్లో మూడు వారాలు ఉన్నాను. వారానికి ఐదు రోజుల చొప్పున 15 సిట్టింగులు, సిట్టింగుకి 700. కట్లకి ఇంకో 4,200. ఆ కట్లు ఉతుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు. ఇప్పటికీ వాడుతున్నాను.

ఆ థెరపిస్టు అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ముందు మెడ దగ్గర, తర్వాత ఎడమ చంకవైపు, ఆఖరికి వాచిన చెయ్యి, ఆ వరసలో చర్మాన్ని వేళ్ళతో మెల్లగా జరుపుతుంది. నొక్కదు. పిల్లి పాదం పెట్టినంత బరువు. దీనికా 700 అనుకున్నాను మొదటిరోజు. పై దారి ఖాళీ చేస్తేనే కింది నీళ్ళు కదులుతాయని చెప్పింది. దీన్ని 1930లలో డెన్మార్క్‌కి చెందిన వొడ్డర్ అనే భార్యాభర్తలు మొదలుపెట్టారట. తర్వాత కట్టు. ముందు మెత్తటి గుడ్డ గొట్టం, దానిమీద దూది పట్టీ, దానిమీద వేళ్ళు ఒక్కొక్కటీ చుట్టి, అరచెయ్యి, ముంజెయ్యి, జబ్బ. కట్టు గుడ్డ చేత్తో పట్టుకోగానే తేడా తెలిసింది. బెణికినప్పుడు చుట్టే క్రేపు బ్యాండేజీ లాగితే రెండింతలు సాగుతుంది, ఇది కొంచెమే సాగుతుంది. ఎందుకు అనడిగాను. చెయ్యి కదిలించినప్పుడు కండ ఉబ్బి ఈ సాగని గోడకి కొట్టుకుంటుందట, ఆ ఒత్తిడికి నీరు పైకి నడుస్తుంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు బిగుతు తగ్గుతుంది కాబట్టి రాత్రి కూడా ఉంచుకోవచ్చు. క్రేపు బ్యాండేజీ అయితే కదిలినప్పుడు తానూ సాగిపోయి, పడుకున్నప్పుడు పిండుతుంది. గుడ్డ సంగతి కాబట్టి చప్పున ఎక్కింది.

మూడు వారాలు ఎడం చేత్తో అన్నం తిన్నాను. విజయవాడ మార్చి ఎండలో ఆ కట్టుతో ఉండటం ఎలా ఉంటుందో రాయను. 36.5 సెంటీమీటర్ల జబ్బ 33కి దిగింది. ఎడమది 29.5. పూర్తిగా సమం కాలేదు, అవదని ముందే చెప్పింది. ఈ వాపుని తగ్గించి అదుపులో పెట్టుకోవడమే, పోగొట్టడం కాదంది. ఏడుపొచ్చింది ఆ మాటకి. తర్వాత బస్సులో ఆలోచిస్తే, ఆ మాట మొదటే చెప్పినవాళ్ళు ఆ అమ్మాయి ఒక్కతే అనిపించింది. స్లీవ్ అమ్మిన ఇద్దరూ తగ్గిపోతుందనే అమ్మారు.

పదిహేనో రోజు పొద్దున్న ఎనిమిదింటికి రమ్మంది. కట్టు విప్పగానే, చెయ్యి మళ్ళీ నిండకముందే టేపు తీసింది. ఇక్కడే నేను కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాను. మణికట్టు దగ్గర పెన్నుతో చుక్క. ముంజేతి మధ్యలో చుక్క. మోచేతి కింద, మోచేతి మడత దగ్గర, జబ్బ మధ్యలో, చంక కింద. అరచేతికి వేరే. చుట్టుకొలతలు ఏడు, పొడుగులు వేరు. ప్రతి చోటా రెండుసార్లు. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. "బిగించి పడితే కాగితం మీద సన్నగా కనిపిస్తారమ్మా, స్లీవ్ వచ్చాక మీరే పడతారు" అంది. నేను పని నేర్చుకునే అమ్మాయిలకి చెప్పే మాట ఇంచుమించు అదే. వచ్చిన అంకెలు చదువుతూ వెళ్తుంటే నేను సెంటీమీటర్లని అంగుళాల్లోకి మార్చుకుంటూ పక్కన రాసుకున్నాను. అలవాటు పోదు కదా.

ఆ కొలతలకి స్లీవ్ జర్మనీ కంపెనీది. తయారై రావడానికి మూడు వారాలు పట్టింది. వేళ్ళ తొడుగుతో కలిపి 9,600. క్లాస్ 2, అంటే చేతిని నొక్కే బిగుతు బీపీ చూసే పాదరసం లెక్కలో 23 నుంచి 32. అంకె ఎక్కువుంటే మంచిది అనుకుని పెద్దది కొనకండి, మీ చేతికి ఏది కావాలో చూసినవాళ్ళు చెప్పాలి.

రెడీమేడ్‌కీ దీనికీ తేడా ఒక టైలరుగా చెప్తాను. దుకాణాల్లో దొరికేవి సాక్సులా గుండ్రంగా అల్లినవి, కుట్టు ఉండదు. చూడటానికి పల్చగా, అందంగా ఉంటాయి. గుండ్రంగా అల్లేటప్పుడు కుట్లు ఎక్కువ తక్కువ చెయ్యడం కుదరదు, ఆకారం కోసం దారాన్ని బిగించడం, వదలడం మాత్రమే. అందుకే నిటారుగా ఉండే చేతికి సరిపోతాయి, ఎగుడుదిగుడు చేతికి చుట్టుకుపోతాయి. ఇది అలా కాదు. బల్లపరుపుగా అల్లుతూ, ఎక్కడ వెడల్పు కావాలో అక్కడ కుట్లు పెంచుతూ, తగ్గిస్తూ వెళ్ళి, చివర అంచులు కలిపి కుడతారు. గుడ్డ మందంగా, కొంచెం బిరుసుగా ఉంటుంది. మడతల్లోకి దిగబడదు, పై అంచు చుట్టుకోదు. మొదటిరోజు రాత్రి తీసి చూస్తే జబ్బ మీద గాడి లేదు. కుట్టు కూడా పరీక్షించాను. నేనైతే ఆ కుట్టు అంత శుభ్రంగా వెయ్యలేను.

వంకలు కూడా చెప్పాలి. వేడి. చీరాల మే నెలలో, కరెంటు పోయినప్పుడు, ఇస్త్రీపెట్టె పక్కన, దీంతో నరకం. తడి గుడ్డ పైన చుట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. రంగు ఒకటి. చామనఛాయ అని రాసుంది, అది ఎవరి చామనఛాయో నాకు తెలియదు, విరిగిన చేతికి ప్లాస్టర్ వేసినట్టుంటుంది. పెళ్ళిలో నలుగురు చెయ్యి విరిగిందా అనడిగారు. మోచేతి మడతలో లోపలివైపు ఒరుసుకుని ఎర్రబడుతుంది, మిషను మీద చెయ్యి వంచి పనిచేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ. కుడిచేతికి గాజులు వేసుకోవడం మానేశాను. ఈ ఒక్కటీ ఇంకా అలవాటు కాలేదు.

తొడుక్కోవడం మొదట్లో పది నిమిషాల కుస్తీ. గోళ్ళతో లాగితే అల్లిక తెగుతుంది. గిన్నెలు కడిగే రబ్బరు గ్లవుజులు వేసుకుని, అరచేత్తో గుడ్డని కొంచెం కొంచెంగా పైకి రాస్తూ పోతే ఎక్కుతుంది. పై అంచు పట్టుకుని లాగితే మాత్రం గుడ్డంతా జబ్బ దగ్గర పోగవుతుంది. ఇప్పుడు రెండు నిమిషాల పని. పొద్దున్న లేవగానే, చెయ్యి తేలికగా ఉన్నప్పుడే వేసుకుంటాను. పడుకునేముందు తీసేస్తాను. క్రీము, కొబ్బరినూనె రాత్రికే. పొద్దున్న రాసి దానిమీద స్లీవ్ వేస్తే జారుతుంది, సాగే దారం పాడవుతుంది. రోజూ మామూలు సబ్బుతో చేత్తో ఉతకాలి, పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కి నీడలో ఆరెయ్యాలి. రోజూ ఉతకాలంటే రెండు ఉండాలి. 9,600 రెండుసార్లు ఎక్కడిది? ఒకటే కొన్నాను. రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే వానాకాలంలో పొద్దుటికి చెమ్మగా ఉండేది, అలాగే వేసుకుని దద్దుర్లు తెచ్చుకున్నాను. ఐదో నెల దాటాక వేసుకోవడం మరీ సులువైపోయింది. నాకు చెయ్యి తిరిగిందని సంబరపడ్డాను. చెయ్యి కొలిస్తే సెంటీమీటరు పెరిగింది. స్లీవ్ సాగిపోయింది, అంతే. ఆరు నెలలకోసారి మార్చాలని కాగితం మీద రాసే ఉంది. అంటే నెలకి 1,600 రూపాయల ఖర్చన్నమాట, రెండు ఉంచుకుంటే అంతకు రెండింతలు. కొనేముందు ఈ లెక్క వేసుకోండి.

స్లీవ్ ఉంది కదా అని నేను చేసిన పొరపాటు ఒకటుంది. ఆషాఢం పోయి పెళ్ళిళ్ళ పని మీద పడ్డప్పుడు వేలికి ఇత్తడి తొడుగు లేకుండా హుక్కులు కుట్టాను. సూది గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళలో వెయ్యిసార్లు గుచ్చుకుని ఉంటుంది. ఈసారి రాత్రికి చలిజ్వరం, పొద్దుటికి మోచేతిదాకా ఎర్రగా, ముట్టుకుంటే కాలేటట్టు. నీరు నిలిచిన చేతిలో సూక్ష్మక్రిములు త్వరగా పాకుతాయి. పది రోజులు యాంటీబయాటిక్ వాడాను. తగ్గాక కూడా వాపు పాత కొలతకి రావడానికి నెల పట్టింది. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి.

పని మానెయ్యమన్నవాళ్ళు చాలామంది. థెరపిస్టు అమ్మాయి మానొద్దంది. 2009లో అమెరికాలో ఈ వాపు ఉన్న ఆడవాళ్ళ చేత స్లీవ్ వేసి, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తించి చూశారట. వాపు పెరగలేదు, చేతికి బలం వచ్చింది. నేను నీళ్ళ సీసాలతో మొదలుపెట్టాను. నలభై నిమిషాలు కుట్టి, లేచి, పొట్టనిండా గాలి పీల్చి వదులుతూ పిడికిలి ముడిచి తెరుస్తాను. బీపీకి, రక్తపరీక్షకి మాత్రం ఎడమ చెయ్యే చాపుతాను. ఆ భయం అంత అక్కర్లేదని ఈమధ్య డాక్టర్లు అంటున్నారు. నాకు ఇంకో చెయ్యి ఉంది కదా, ఎందుకొచ్చిన గొడవ.

మార్కులు అడిగితే, మొదటి రెండిటికీ సున్నా. కంపెనీకి కాదు, కొలతకి. అదే కంపెనీ స్లీవ్ సరైన కొలతతో వేసుకుని హాయిగా ఉన్నవాళ్ళని విజయవాడలో చూశాను. వాళ్ళ చెయ్యి నిటారుగా ఉంది, వాపు తక్కువ, మోచెయ్యి కూడా కొలిచి ఇచ్చారు. వాళ్ళకి 9,600ది అక్కర్లేదు. మూడోదానికి ఐదుకి నాలుగు. థెరపిస్టుకి ఐదుకి ఐదు. మీ ఊళ్ళో ఎక్కడైనా సరే, మధ్యాహ్నం పూట, గుడ్డ మీంచి, రెండే చోట్ల టేపు వేస్తే లేచి వచ్చెయ్యండి. నేను అమ్మేదాన్ని కాదు, కుట్టేదాన్ని, నా మాట నమ్మండి.

మొన్న సోమవారం కొత్తదానికి ఆర్డరిచ్చాను. మూడు రాత్రులు కట్టు కట్టుకుని, మొదటి బస్సుకి బయల్దేరి, విజయవాడ వెళ్ళి కట్టు విప్పించుకున్నాను. జబ్బ 32.5. మోచేతి మడతలో లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టే వీలుందట, దానికి 600 ఎక్కువ, వేయమన్నాను. రంగు ఈసారి నలుపు. కొలతలు తీస్తున్నంతసేపూ టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. ఆ అమ్మాయి ఒకచోట 27 అంది, నేను 26.5 అన్నాను. మళ్ళీ కొలిచాం. 26.5.